కాల్ ల్యాబ్‌లో జరిగేది జర్నల్ దాకా చేరాలంటే

హైదరాబాద్ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం సిలబస్‌లో ఇంగ్లిష్ ల్యాబ్ రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి కంప్యూటర్ సాయంతో భాష నేర్చుకునే కాల్ ల్యాబ్, రెండోది విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ సాధన చేసే ఐసీఎస్ ల్యాబ్. కాల్ ల్యాబ్‌లో నలభై మందికి 40 కంప్యూటర్లు, టీచరు బల్ల మీద ఒక మాస్టర్ కన్సోల్, అన్నిటినీ కలిపే లాన్, విద్యార్థి తనంతట తాను నేర్చుకోవడానికి పనికొచ్చే భాషా సాఫ్ట్‌వేర్ ఉండాలని ఆ సిలబస్‌లోనే రాసి పెట్టారు. అచ్చులు, హల్లులు, పదాలలో ఊనిక (స్ట్రెస్), సందర్భోచిత సంభాషణలు, ఒక్క నిమిషం మాట్లాడే 'జామ్' వంటివన్నీ అక్కడ వారం వారం జరుగుతాయి. ఒకే మాతృభాష, దాదాపు ఒకే వయసు, ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే రకం ల్యాబ్ ఇన్ని వేల మంది విద్యార్థుల విషయంలో కలిసిరావడం పరిశోధకులకు సులభంగా దొరికే అవకాశం కాదు. అయినా సాంకేతిక సాయంతో సాగే భాషాభ్యసనం మీద పేరున్న పరిశోధన జర్నళ్లను తిరగేస్తే, ఈ ల్యాబ్‌ల నుంచి వెళ్లిన పత్రాలు అరుదుగానే కనిపిస్తాయి.

ఇంగ్లిష్ బోధిస్తూ, తోటి అధ్యాపకుల రాతప్రతులు చదివిపెడుతూ, అప్పుడప్పుడు జర్నళ్లకు వచ్చిన పత్రాలను ప్రచురణకు ముందు పరిశీలించి సమీక్షలు కూడా రాస్తున్నదాన్ని కాబట్టి, ఈ లోటుకు కారణం మన వాళ్ల ఇంగ్లిష్‌లో ఉందని నేను అనుకోవడం లేదు. తిరిగి వచ్చే పత్రాల్లో ఎక్కువ భాగం పరికరం గురించి రాసినవి. ఫలానా యాప్ వాడాం, ఫలానా వాట్సాప్ గ్రూపు పెట్టాం, ఆ తర్వాత ప్రశ్నావళి ఇస్తే విద్యార్థులు బాగుందన్నారు అని వాటి సారాంశం. విద్యార్థి ఏం నేర్చుకున్నాడు, ఎలా నేర్చుకున్నాడు, నేర్చుకున్నది ఎన్నాళ్లు నిలిచింది అన్న సంగతి వాటిలో ఉండదు. 'లాంగ్వేజ్ లెర్నింగ్ అండ్ టెక్నాలజీ' జర్నల్ తన రచయితలకు ఇచ్చే సూచనల్లో ఈ మాట సూటిగానే చెబుతుంది: సాఫ్ట్‌వేర్‌నో బోధనా విధానాన్నో వర్ణించి ఊరుకుని, భాష నేర్చుకునే ప్రక్రియ గురించి గానీ దాని ఫలితం గురించి గానీ లోతైన దత్తాంశం (డేటా), విశ్లేషణ చూపని వ్యాసాలను పరిశీలించబోమని. మన పత్రాలు చాలావరకు ఈ మొదటి గడప దగ్గరే ఆగిపోతున్నాయి.

పరికరాన్నే నమ్ముకుని రాయడంలోని ఇబ్బంది ఈ రంగానికి కొత్తది కాదు. విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లో రాసిన ఒక సమీక్షా వ్యాసంలో, బోధనను మోసుకొచ్చే మాధ్యమం దానంతట అది అభ్యసనాన్ని పెంచదనీ, సరుకులు తెచ్చిన లారీ మన పోషకాహారాన్ని మార్చనట్టే అదీ అనీ వాదించాడు. ఆ వాదనతో విభేదించినవాళ్లు చాలామందే ఉన్నారు. మరో పరిశోధకుడు రాబర్ట్ కోజ్మా దానికి గట్టిగానే జవాబు చెప్పాడు. నాకూ క్లార్క్ మాట పూర్తిగా సమ్మతం కాదు, ఎందుకంటే తన గొంతును రికార్డు చేసుకుని వెంటనే వినగలగడం వంటి కొన్ని పనులు పరికరం లేకుండా తరగతి గదిలో అసలు జరగవు. అయితే ఆ వ్యాసం వేసిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ ప్రతి రచయిత ముందూ ఉంది. ఫలితం వచ్చింది సాఫ్ట్‌వేర్ వల్లనా, అదనంగా దొరికిన సాధన సమయం వల్లనా, కొత్త వస్తువు చేతికొచ్చిన ఉత్సాహం వల్లనా అన్నది విడదీసి చూపలేని పత్రాన్ని సమీక్షకులు వెనక్కి పంపితే తప్పుపట్టలేం.

కాబట్టి పత్రం బలం ప్రశ్నలోనే మొదలవుతుంది. "మొబైల్ యాప్‌ల వల్ల ఇంజనీరింగ్ విద్యార్థుల ఇంగ్లిష్ మెరుగుపడుతుందా?" అనే ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా దానితో ఎవరూ ఏమీ చేయలేరు. మన ల్యాబ్‌లో రోజూ వినిపించే ఒక్క సంగతి తీసుకుందాం. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన విద్యార్థులు ఇంగ్లిష్ మాటల చివరి హల్లుకు 'ఉ' చేరుస్తారు; బస్సు, కారు, బుక్కు అన్న తీరులోనే వాక్యంలోని మిగతా మాటలనూ పలుకుతారు. దీన్నే ప్రశ్నగా మలచవచ్చు. మాటను గుర్తించే సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు ఇచ్చే దిద్దుబాటుతో ఈ అలవాటు ఒక సెమిస్టర్‌లో తగ్గుతుందా? తగ్గితే సాధన చేసిన మాటల్లోనేనా, ఎన్నడూ సాధన చేయని మాటల్లో కూడానా? జాబితా చూసి చదివేటప్పుడేనా, జామ్‌లో సొంతంగా ఒక నిమిషం మాట్లాడేటప్పుడు కూడానా? ఇలా అడిగినప్పుడు పరీక్షలో ఏమి ఉండాలో, ఎవరిని ఎవరితో పోల్చాలో, ఏ ఫలితం వస్తే ఏమని అర్థం చేసుకోవాలో ఆ ప్రశ్నే చెబుతుంది.

ఇది ఊరికే ఎంచుకున్న ఉదాహరణ కాదు. భాషా పరిశోధకురాలు గొలోంకా, ఆమె సహ పరిశోధకులు 350కి పైగా అధ్యయనాలను పరిశీలించి 2014లో ప్రచురించిన సమీక్షలో, సాంకేతికత వల్ల భాషాభ్యసనంలో కొలవదగిన మార్పు వచ్చిందనడానికి గట్టి ఆధారాలు ప్రధానంగా దొరికింది ఉచ్చారణ శిక్షణలో, ముఖ్యంగా మాట గుర్తింపు సాఫ్ట్‌వేర్ వాడిన చోట. ఆ తర్వాత చాట్ మీద జరిగిన అధ్యయనాల్లో. మిగతా చాలా పరికరాల విషయంలో ఆధారాలు అంత బలంగా లేవని వారు తేల్చారు. అంటే మన కాల్ ల్యాబ్ సిలబస్‌లో ముందు వరసలో ఉన్న ఉచ్చారణ అభ్యాసాలే ప్రచురణకు అన్నిటికన్నా అనువైన నేల.

ఇక్కడ తెలుగు నేల మీద పనిచేసే పరిశోధకుడే చూడగలిగిన చిక్కు ఒకటుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే మార్కును ఫలితంగా తీసుకునే పత్రాలు చాలా వస్తున్నాయి. మన విద్యార్థి ఇంగ్లిష్ మాటల్లోని 'ట', 'డ'లను తెలుగులోలాగా నాలుక మడిచి పలుకుతాడు. వినేవాడికి మాట అర్థం కావడంలో దానివల్ల పెద్దగా ఇబ్బంది ఉండదు. అయినా అమెరికన్, బ్రిటిష్ గొంతుల మీద శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్ దానికి మార్కులు కోసే అవకాశం ఉంది. మరోవైపు 'జూ' మాటలోని తొలి ధ్వనిని 'జడ్జి'లోని తొలి ధ్వనితో కలిపేసినా, ఇంగ్లిష్‌లోని v, w అనే రెండు 'వ' ధ్వనులకూ తేడా చూపకపోయినా, సందర్భాన్ని బట్టి మాటను ఊహించుకునే సాఫ్ట్‌వేర్ దాన్ని సరైనదిగానే దాటేయవచ్చు. ఉచ్చారణ పరిశోధకులు మన్రో, డెర్వింగ్ 1995లోనే యాస బలంగా ఉండటం వేరు, మాట అర్థం కాకపోవడం వేరు అని దత్తాంశంతో చూపించారు. అందుచేత ఉచ్చారణ మీద రాసే పత్రంలో సాఫ్ట్‌వేర్ మార్కుతో పాటు మనుషుల తీర్పు కూడా ఉండాలి. రికార్డింగులను కలగాపులగం చేసి, ఏది శిక్షణకు ముందుదో ఏది తర్వాతదో తెలియని ఇద్దరు శ్రోతలకు వినిపించాలి. వాళ్లిద్దరి తీర్పులు ఎంతవరకు కలిశాయో అంకెలతో చెప్పాలి. సాఫ్ట్‌వేర్ తప్పన్నవాటిలో మనుషులు సులువుగా అర్థం చేసుకున్నవి ఎన్నో లెక్కగడితే, అదొక్కటే విడిగా ఒక పత్రానికి సరిపోయే విషయం. తెలుగువారి ఇంగ్లిష్ గురించి ఆ లెక్క తయారుచేయడానికి మనకన్నా తగినవాళ్లు ఎవరున్నారు?

ఇక పోలిక సంగతి. మన కాలేజీల నుంచి వెళ్లే పత్రాల్లో నేను పదే పదే చూసే బలహీనత ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. అధ్యాపకుడికి టైమ్‌టేబుల్‌లో రెండు సెక్షన్లు వస్తాయి. ఒకటి కంప్యూటర్ సైన్స్, ఇంకొకటి సివిల్ లేదా మెకానికల్. ఒక సెక్షన్‌కు సాఫ్ట్‌వేర్ ఇచ్చి, రెండోదానికి మామూలు పద్ధతిలో పాఠం చెప్పి, చివర పరీక్ష పెట్టి మొదటి సెక్షన్‌కు ఎక్కువ మార్కులు వచ్చాయని రాస్తారు. కానీ ఈ రెండు సెక్షన్లలోకి విద్యార్థులు వచ్చిన దారే వేరు. ఎంసెట్‌లో, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్‌లో, మంచి ర్యాంకు వచ్చినవాళ్లు ముందుగా కంప్యూటర్ సైన్స్ సీట్లు తీసుకుంటారు. ర్యాంకు వెనుక చదివిన బడి, బడిలోని బోధనా మాధ్యమం, ఇంట్లో చదువుకున్నవాళ్లు, సొంత ల్యాప్‌టాప్ ఉండటం లేకపోవడం వంటివన్నీ ఉంటాయి. చివరి పరీక్షలో కనిపించిన తేడా సెమిస్టర్ మొదటి రోజునే ఉండి ఉండవచ్చు. స్పెయిన్‌లోనో జపాన్‌లోనో కూర్చున్న సమీక్షకుడికి ఈఏపీసెట్ గురించి తెలియకపోవచ్చు. అయినా ముందస్తు పరీక్ష ఎక్కడుందని అడగడం అతనికి తెలుసు.

దీనికి మార్గాలు లేకపోలేదు. ముందస్తు పరీక్ష పెట్టి, ఆ మార్కులను లెక్కలోకి తీసుకుని తర్వాతి మార్కులను పోల్చడం మొదటిది. అంతకన్నా మంచిది ఒకే సెక్షన్‌లోని విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా చేయడం. ల్యాబ్ పీరియడ్‌కు ఎలాగూ సెక్షన్‌ను బ్యాచ్‌లుగా విడగొడతారు కాబట్టి ఇది మన కాలేజీల్లో సాధ్యమయ్యే పనే. బ్యాచ్‌లను హాజరు నంబర్ల వరుసలో కాకుండా చీట్లు తీసి చేయమని ల్యాబ్ ఇన్‌ఛార్జిని సెమిస్టర్ మొదట్లోనే అడగాలి. ఇంకా మేలైనది జట్లను మధ్యలో మార్చడం. మొదటి సగం సెమిస్టర్‌లో ఒక జట్టుకు చివరి హల్లుల సాధన, రెండో జట్టుకు పదాల ఊనిక సాధన ఇచ్చి, రెండో సగంలో తారుమారు చేస్తే, ఎవరికీ ఏదీ అందకుండా పోదు. ఇద్దరికీ కంప్యూటర్ ముందు గడిపిన సమయం సమానమే అవుతుంది కాబట్టి కొత్త వస్తువు ఉత్సాహం అన్న అనుమానం కూడా తీరుతుంది. దసరా సెలవులో సంక్రాంతి సెలవులో అయిపోయి విద్యార్థులు తిరిగి వచ్చాక అదే పరీక్ష మళ్లీ పెట్టడం మరిచిపోకూడదు. సెలవుల తర్వాతా నిలిచిన మెరుగుదలకే సమీక్షకులు విలువ ఇస్తారు.

ఫలితం చెప్పే పద్ధతి మీద ఒక మాట. తేడా గణాంకపరంగా ప్రాముఖ్యం గలదని, అంటే కాకతాళీయం కాదని, ఒక్క అంకె ఇచ్చి ఆగిపోతే సరిపోదు, ఆ తేడా ఎంత పెద్దదో చెప్పాలి. దీనికి వాడే కొలత, సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో (మార్కుల చెదురుదనంతో) భాగిస్తే వచ్చే అంకె. ప్లాన్‌స్కీ, ఓస్వాల్డ్ అనే పరిశోధకులు 2014లో రెండో భాష పరిశోధనలను పెద్ద ఎత్తున పరిశీలించి, రెండు జట్ల పోలికలో 0.40ని చిన్న ప్రభావంగా, 0.70ని మధ్యస్థంగా, 1.00ని పెద్దదిగా, ఒకే జట్టును ముందూ తర్వాతా పోల్చినప్పుడు 0.60, 1.00, 1.40గా చూడాలని సూచించారు. ఇతర సామాజిక శాస్త్రాల నుంచి తెచ్చుకున్న 0.20, 0.50, 0.80 కొలతలతో మన ఫలితాన్ని పెద్దదని చెప్పుకుంటే ఈ రంగం సమీక్షకులు ఒప్పుకోరు. ఇలాంటి చోట గణాంకశాస్త్రం తెలిసిన సహోద్యోగిని సహరచయితగా చేర్చుకోవడం మంచి పద్ధతి. ఇంజనీరింగ్ కాలేజీలో గణిత విభాగం రెండు గదుల అవతలే ఉంటుంది.

పెద్ద సంఖ్య లేకపోతే పత్రమే లేదని భయపడనక్కరలేదు. 2019లో రీకాల్ జర్నల్‌లో లోవెన్ అనే భాషా పరిశోధకుడు, అతని సహ పరిశోధకులు డ్యుయోలింగో యాప్‌తో టర్కిష్ నేర్చుకోవడం మీద ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నది తొమ్మిది మంది. పన్నెండు వారాల పాటు వాళ్లు ఎంతసేపు నేర్చుకున్నారో, ఎక్కడ విసిగిపోయారో, చివరికి పరీక్షలో ఏం చేయగలిగారో అందులో దగ్గరగా చూశారు. ఆ స్థాయి దృష్టి మన నలభై మందిలో ఆరుగురి మీద పెట్టినా చాలు. సాఫ్ట్‌వేర్ దాచుకునే లాగ్‌లు ఇందుకు ఎంతో పనికొస్తాయి. గంట ల్యాబ్‌లో ఒక విద్యార్థి అభ్యాసం మీద నిజంగా గడిపిన నిమిషాలెన్ని, వినకుండానే 'తర్వాత' బటన్ నొక్కుకుంటూ పోయిందెంత, ఒకే మాటను మళ్లీ మళ్లీ ఎన్నిసార్లు పలికి చూశాడు అన్నవన్నీ వాటిలో ఉంటాయి. ప్రశ్నావళిలో "చాలా ఉపయోగపడింది" అన్న గడిలో టిక్ పెట్టిన విద్యార్థి లాగ్ పక్కన పెట్టి చూస్తే తెలిసేది ఆ ప్రశ్నావళి ఒక్కటీ ఎన్నటికీ చెప్పలేదు.

అనుమతి విషయంలో మన దగ్గర ఇంకా శ్రద్ధ రావాలి. ఇంటర్నల్ మార్కులు వేసే టీచరే పరిశోధకుడైనప్పుడు, విద్యార్థి "సరే సార్" అన్నంత మాత్రాన అది సమ్మతి కాదు. అనుమతి పత్రాన్ని మార్కులతో సంబంధం లేని మరో అధ్యాపకుడి ద్వారా తీసుకుని, సెమిస్టర్ ఫలితాలు వచ్చేదాకా ఎవరు ఒప్పుకున్నారో పరిశోధకుడికి తెలియకుండా ఉంచితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. మొదటి సంవత్సరంలో 18 ఏళ్లు నిండనివాళ్లు కొందరు ఉంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం వాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది కాబట్టి తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలి. గొంతు రికార్డింగు నుంచి మనిషిని గుర్తుపట్టవచ్చు. అందుకే పేరు తీసేసినంత మాత్రాన గోప్యత వచ్చేసినట్టు కాదు. రికార్డింగులను ఎక్కడ దాచారో, ఎప్పుడు తుడిచేస్తారో పత్రంలో రాయాలి. అనుమతి పత్రం తెలుగులో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. కొడుకు చదువు కోసం ఎక్కడో పల్లెలో సంతకం చేసే తల్లికి తాను దేనికి ఒప్పుకుంటున్నదో తెలియాలి.

రాసేటప్పుడు మనకు తెలిసినవన్నీ చదివేవాడికీ తెలుసనుకోవడం ఇంకో ఇబ్బంది. "తెలుగు మీడియం నేపథ్యం గల విద్యార్థులు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇంటర్మీడియట్‌లో ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలతో కుస్తీ పట్టి, ఇంజనీరింగ్ మొదటి రోజున అన్నీ ఇంగ్లిష్‌లోనే వినాల్సి వచ్చిన విద్యార్థి పరిస్థితి ఒక నిండు పేరాకు తగినది. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి అది తండ్రి చేతిలో ఉంటుందని, రోజువారీ డేటా సాయంత్రానికి అయిపోతుందని, హాస్టల్ గదిలో నలుగురి మధ్య గొంతెత్తి ఇంగ్లిష్ పలకడానికి మొహమాటపడతారని రాయాలి. ఇవి పత్రానికి అలంకారాలు కావు. ఇంట్లో చేయమన్న సాధన ఎందుకు జరగలేదో వివరించే కారణాలు. సంపన్న దేశాల విశ్వవిద్యాలయాల విద్యార్థుల మీదే ఎక్కువగా నిర్మించిన ఈ రంగానికి ఆ వివరం కావాలి.

ఎక్కడికి పంపాలన్నది తర్వాతి ప్రశ్న. ఈ రంగం పత్రాలు వేసే జర్నళ్లలో కాలికో జర్నల్ 1983 నుంచి వస్తోంది. ఐరోపాలోని యూరోకాల్ సంఘం తరఫున రీకాల్‌ను కేంబ్రిడ్జ్ ప్రచురిస్తుంది. టేలర్ అండ్ ఫ్రాన్సిస్ వారి 'కంప్యూటర్ అసిస్టెడ్ లాంగ్వేజ్ లెర్నింగ్', ఎల్సెవియర్ వారి 'సిస్టమ్', జపాన్ నుంచి వచ్చే జాల్ట్ కాల్ జర్నల్ ఉన్నాయి. 'లాంగ్వేజ్ లెర్నింగ్ అండ్ టెక్నాలజీ' 1997లో ఇంటర్నెట్ పత్రికగానే మొదలై, రచయిత దగ్గర గానీ పాఠకుడి దగ్గర గానీ రుసుము తీసుకోకుండా నడుస్తోంది. ఈ చివరి మాట మన వాళ్లకు ముఖ్యమైనది. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన 'ఒకే దేశం ఒకే చందా' పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో దాదాపు 13,000 జర్నళ్లను అందుబాటులోకి తెచ్చింది. అయితే తొలి దశలో అది ప్రభుత్వ విద్యాసంస్థలకూ ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ ఉద్దేశించింది. మన ఇంగ్లిష్ అధ్యాపకుల్లో ఎక్కువమంది పనిచేసే ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు దాని వెలుపలే ఉన్నాయి. కాబట్టి ఉచితంగా దొరికే జర్నల్ పాత సంచికలన్నీ చదివి, ఆ సంభాషణలో మన ప్రశ్న ఎక్కడ చేరుతుందో చూసుకున్నాకే పంపాలి. అక్కడ గత రెండు మూడేళ్లలో వచ్చిన ఒక్క వ్యాసాన్ని కూడా ప్రస్తావించని పత్రం, ఆ జర్నల్ చదవకుండానే పంపారని సంపాదకుడికి తనంతట తానే చెప్పేస్తుంది.

పదోన్నతి, కాలేజీ నాణ్యతను అంచనా వేసే నాక్ మార్కులు, పీహెచ్‌డీ గడువు ఒక్కసారిగా మీద పడినప్పుడు ఈ ఓపిక ఎలా వస్తుందని అధ్యాపకులు అడుగుతారు. ఆ ఒత్తిడి నిజమైనదే. రెండు రోజుల్లో అంగీకారపత్రం, వారంలో ప్రచురణ, కొన్ని వేల రూపాయల రుసుము అంటూ రోజూ మెయిళ్లు వచ్చేది ఆ ఒత్తిడిని చూసే. ఈ వ్యాపారంతో మన ప్రాంతానికి దగ్గరి సంబంధం ఉండటం బాధాకరం. హైదరాబాద్ కేంద్రంగా జర్నళ్లు ప్రచురించిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష గురించి, రుసుముల గురించి పరిశోధకులను మోసపుచ్చారన్న అభియోగాలపై 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. యూజీసీ 2018లో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తొలగించింది, 2019లో నమ్మదగిన జర్నళ్లతో కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్ని కూడా ఆపేసింది. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించడానికి ముందు పత్రాలు ప్రచురించి తీరాలన్న నియమాన్ని 2022 నిబంధనల్లో తీసేసింది. అంటే ఏది మంచి జర్నలో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు జాబితా మీద కాక మన మీదే ఉంది. సంపాదక మండలిలోని వాళ్ల పేర్లు వాళ్ల విశ్వవిద్యాలయం పేజీల్లో కూడా కనబడుతున్నాయా, వెనకటి సంచికల్లోని వ్యాసాలు నిజంగా ఈ రంగానివేనా అని ఒక గంట వెచ్చించి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నకిలీ జర్నల్‌లో పడిన మంచి దత్తాంశం మళ్లీ ఇంకెక్కడా ప్రచురణకు పనికిరాదు. ఆ విద్యార్థులు ఇచ్చిన సమయం అంతా అక్కడితో పోతుంది. నాకు అన్నిటికన్నా కష్టం కలిగించేది ఇదే.

సమీక్షలు వచ్చాక చేయవలసిన పని గురించి ఎవరూ నేర్పరు. "పెద్ద సవరణలు అవసరం" అన్న ఉత్తరాన్ని తిరస్కారంగా భావించి పత్రాన్ని పక్కన పడేసినవాళ్లు నాకు తెలుసు. నిజానికి అది సంపాదకుడు తలుపు తెరిచి పెట్టాడని చెప్పే ఉత్తరం. ప్రతి వ్యాఖ్యనూ ఒక పట్టికలో ఎడమవైపు పెట్టి, కుడివైపు ఏం మార్చామో, ఏ పేజీలో మార్చామో రాయాలి. ఉదాహరణకు "బోధించినదీ మార్కులు వేసినదీ ఒకరే కాబట్టి ఫలితాన్ని నమ్మడమెలా" అని సమీక్షకుడు అడిగితే, నిజాయితీగా వేశామని రాయడం జవాబు కాదు. రికార్డింగుల్లో కొంత భాగాన్ని బయటి వ్యక్తి చేత మళ్లీ మార్కులు వేయించి, రెండు తీర్పుల పొంతనను పట్టికగా చేర్చి, ఆ పేజీ నంబరు ఇవ్వాలి. సమీక్షకుడితో ఏకీభవించనప్పుడు కారణం చూపి మర్యాదగా ఆ మాట చెప్పవచ్చు. తెలుగు విద్యార్థి 'ట' పలికే తీరును దోషంగా లెక్కించమని సూచించిన సమీక్షకుడికి, అర్థం కావడమే మన కొలత అని ఆధారంతో వివరిస్తే చాలామంది అంగీకరిస్తారు.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ రంగానికి వచ్చే పత్రాల్లో దాని మీదివే ఎక్కువయ్యాయి. వాటిలోనూ పాత జబ్బే కనిపిస్తోంది. వాడాం, విద్యార్థులు మెచ్చుకున్నారు అన్నంతవరకే. ఏ మోడల్, ఏ తేదీల్లో, ఏ సూచనలతో వాడారో రాయని పత్రానికి ఆరు నెలల తర్వాత అర్థం మిగలదు, ఎందుకంటే అప్పటికి ఆ సాధనమే మారిపోయి ఉంటుంది. రాతలో దాని సాయం తీసుకుంటే ఆ సంగతి చెప్పాలి. ప్రచురణ నైతికతను చూసే కోప్ సంస్థ 2023లోనే కృత్రిమ మేధను రచయితగా చేర్చకూడదని ప్రకటించింది.

ఇంతవరకూ రాసింది ఇంగ్లిష్ నేర్చుకోవడం గురించి. తెలుగు నేర్చుకోవడం మీద ఇలాంటి పరిశోధన ఇంకా మొదటి అడుగుల్లోనే ఉంది, నా మనసు ఎక్కువగా అటే లాగుతోంది. తెలంగాణలో 2018 నాటి చట్టంతో అన్ని పాఠశాలల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి ఇంట్లో ఉర్దూ, హిందీ, మరాఠీ మాట్లాడే పిల్లలు కూడా హైదరాబాద్ బడుల్లో తెలుగు నేర్చుకుంటున్నారు. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థలు వారాంతాల్లో వేల మంది పిల్లలకు తెలుగు నేర్పుతున్నాయి. వీళ్లందరి చేతుల్లోనూ ఇంగ్లిష్ అక్షరాలు నొక్కితే తెలుగు లిపి పడే కీబోర్డు ఉంది. ఆ కీబోర్డు పిల్లవాడికి గుణింతాలు, ఒత్తులు త్వరగా పరిచయం చేస్తోందా, లేక అక్షరం రూపం మనసులో నిలవనివ్వకుండా ఆపుతోందా? ఒక జట్టు ఆ కీబోర్డుతో, మరో జట్టు తెలుగు అక్షరాలే కనిపించే కీబోర్డుతో, ఇంకో జట్టు పలక మీద చేతిరాతతో ఒకే మాటలు నేర్చుకుని, నెల తర్వాత 'క్త', 'క్క', 'స్త్ర' వంటి సంయుక్తాక్షరాలను గుర్తుపట్టి చదవగలరా, చూడకుండా రాయగలరా అని పరీక్షిస్తే జవాబు తెలుస్తుంది. లాటిన్ లిపి, చైనా లిపి చుట్టూ తిరిగే చర్చలో గుణింతం, ఒత్తు ఉన్న లిపి మీద అలాంటి అధ్యయనానికి చోటుంది. వారసత్వ భాషల (వలస కుటుంబాల పిల్లలు ఇంట్లో వింటూ పెరిగే భాషల) కోసమే నడిచే హెరిటేజ్ లాంగ్వేజ్ జర్నల్ 2003 నుంచి ఉంది. పరీక్షా పత్రాలను పరిశోధనల్లో వాడిన పరీక్షలను అందరికీ అందుబాటులో ఉంచేందుకు యార్క్ విశ్వవిద్యాలయం నడిపే ఐరిస్ భాండాగారంలో పెడితే, హైదరాబాద్ బడిలో వాడిన పరీక్షనే డాలస్ తరగతిలోని టీచరు కూడా తీసుకుని వాడుకోవచ్చు. ఈ పని మీద ఆసక్తి ఉన్న తెలుగు ఉపాధ్యాయులు, ముఖ్యంగా మొదటి నుంచి నాలుగో తరగతి దాకా చెప్పేవాళ్లు ఉంటే, వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోపే పరీక్ష తయారీలో కూర్చుందాం.